పాతర మనది, మూత ఎవరి చేతిలో?

కదిరి నుంచో, ఆదోని నుంచో, పత్తికొండ నుంచో బెంగళూరు బస్సెక్కిన సీమ పిల్లవాడు మెజెస్టిక్‌లో దిగుతాడు. నాలుగడుగులేస్తే భూమి లోపలికి మెట్లు. దిగితే దీపాల వెలుగు, చల్లగాలి, నిమిషాల లెక్కన వచ్చే రైలు. "అన్నా, భూమి కింద రైల్లో పోతాండాను" అని అక్కడి నుంచి ఫోన్ చేసే పిల్లలు మన ఊళ్లలో వీధికొకరున్నారు. సేద్యం ఎండిపోయి వలసపోయిన వాడి గొంతులో పలికే ఆ సంబరాన్ని మేం ఎగతాళి చేయం. ఒక ప్రశ్న మాత్రం అడుగుతాం. భూమి కింద మనిషి బెరుకు లేకుండా నడిచే ఏర్పాటు ఆ నగరానికి ఉంది. అంతకు మించిన సొరంగాలు తవ్విన మన శ్రీశైలం చుట్టూ అది ఎందుకు లేదు?

భూగర్భ రైలును ఉత్త ప్రయాణ సాధనం అనుకుంటే పొరపాటు. 1863లో లండన్‌లో మొదటి భూగర్భ రైలు నడిచినప్పుడు లాగింది ఆవిరి ఇంజన్లే. పొగలో దగ్గుకుంటూనే జనం ఎక్కారు. 1940లో జర్మన్ విమానాలు బాంబులు కురిపిస్తుంటే అదే జనం పిల్లాపాపలతో, దుప్పట్లతో ఆ స్టేషన్లలోకి దిగారు. పాలకులు మొదట ఒప్పుకోలేదు. జనం టికెట్టు కొని లోపలికి పోయి అక్కడే కూర్చున్నారు. చివరికి పాలకులే దిగొచ్చారు. 1935లో మాస్కోలో మెట్రో మొదలైనప్పుడు స్టేషన్లకు పాలరాయి పరిచి, రాజమహళ్లలో వేలాడే దీపగుచ్ఛాలు కట్టారు. మన దేశంలో 1984లో కలకత్తా మొదటి అడుగు వేసింది. 2024లో అక్కడ హుగ్లీ నది కిందుగా కూడా రైలు నడిచింది.

ఈ ఊళ్లన్నిటా భూగర్భానికి ఒకటే అర్థం. ఆకాశం కనిపించని చోటికి మనిషిని పిలిచేటప్పుడు ప్రభుత్వం అతనికి ఒక మాట ఇస్తుంది. గాలి ఆడుతుంది, దీపం వెలుగుతుంది, ఆపద వస్తే మరో దారి ఉంటుంది, దిగినవాడు తిరిగి పైకొస్తాడు. మహానగరం గొప్పతనం ఆ మాటలో ఉంది. గుమాస్తా, కూలీ, విద్యార్థి ఒకే మెట్ల మీద దిగి ఒకే పెట్టెలో నిలబడతారు. ఆ చోటు అందరిదీ. అందుకే అది సంస్కృతి అయింది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. తెలుగు నేల మీద ఇప్పటికైతే భూగర్భ మెట్రో నడవడం లేదు. 2017లో మొదలైన హైదరాబాద్ మెట్రో స్తంభాల మీద పోతుంది. అలాగని మన దగ్గర భూమి తవ్వే తెలివి లేదని కాదు. శ్రీశైలంలో కృష్ణ ఎడమ గట్టున కొండ కడుపులో ఆరు యంత్రాలతో 900 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉంది. నల్లగొండకు నీళ్లు తీసుకుపోవడానికి నల్లమల కింద దాదాపు 44 కిలోమీటర్ల ఎస్ఎల్‌బీసీ సొరంగం తలపెట్టారు. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల కోసం కొల్లంవాగు దగ్గర నుంచి వెలిగొండ జంట సొరంగాలు 18.8 కిలోమీటర్లు తవ్వారు. గాలేరు-నగరి నీళ్ల కోసం అవుకు దగ్గర సొరంగాలున్నాయి. అక్కడ మెత్తటి పొరల్లో మట్టి విరిగిపడి ఏళ్ల తరబడి పని ఆగింది. రెండో సొరంగాన్ని 2023 నవంబరులో తెరిచారు.

సీమ అంచున సొరంగపు రైలూ ఉంది! పాత కడప జిల్లా ఓబులవారిపల్లె నుంచి నెల్లూరు జిల్లా వెంకటాచలానికి 2019లో ప్రారంభించిన లైనులో, వెలికొండల కిందుగా ఆరున్నర కిలోమీటర్లకు మించిన సొరంగం తొలిచారు. ముఖ్యంగా ఎవరి కోసం? కృష్ణపట్నం రేవు సరుకు కోసం. మంగంపేట ముగ్గురాయి ఉన్న మండలం ఆ ఓబులవారిపల్లే. మన రాయి కొండ కిందుగా దర్జాగా రేవుకు పోగలదు. ఆ రాయి పక్కన పుట్టిన పిల్లవాడు బతుకుదెరువుకు బెంగళూరు, కువైట్ దారి పడతాడు.

సొరంగాలు వద్దని మేం అనడం లేదు. కొండ అడ్డమొచ్చినచోట నీళ్లు పారాలంటే కొండను తొలవాల్సిందే. నల్లగొండ రైతు గొంతు తడిపే సొరంగం మాకు శత్రువు కాదు. మేం అడిగేది భూగర్భం మీద హక్కు ఎవరిదన్నది. ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి లండన్ దాకా పోనక్కర్లేదు. మన అవ్వతాతల ఇంటి ముందరే ఉంది.

ఒకప్పుడు సీమ పల్లెల్లో జొన్నలను పాతరల్లో దాచేవాళ్లు. గట్టినేల చూసి గొయ్యి తవ్వి, చుట్టూ వరిగడ్డో, చొప్పో పరిచి, గింజలు నింపి, నోటికి బండ వేసి మట్టి కప్పేవాళ్లు. పండిన ఏడు నింపితే ఎండిన ఏడు సంగటి దొరికేది. కరువుసీమ కనిపెట్టుకున్న బ్యాంకు అది. దానికి రెండు కట్టుబాట్లు. ఒకటి, నింపినవాడే మూత తీయాలి. రెండు, మూత తీయగానే ఎవరూ దిగకూడదు. లోపల చెడుగాలి ఉంటుంది, ఊపిరాడక మనిషి పోతాడు. గాలి ఆడనిచ్చి, పైన మనుషులు నిలబడి, అప్పుడు ఒకడు దిగాలి. బడి మొహం చూడని రైతుకు తెలిసిన భూగర్భ నీతి ఇది.

శ్రీశైలంలో ఈ రెండు కట్టుబాట్లూ తప్పారు.

రెండోదాని సంగతి ముందు చెబుతాం. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమ గట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. పొగ కమ్ముకుంది. కేంద్రాన్ని కాపాడబోయిన ఇంజనీర్లు, సిబ్బంది మొత్తం తొమ్మిది మంది లోపలే ప్రాణాలు వదిలారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు ఎస్ఎల్‌బీసీ సొరంగంలో, సుమారు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. ఎనిమిది మంది చిక్కుకున్నారు. నెల రోజులకు పైగా సైన్యం, సింగరేణి కార్మికులు, ఎలుక బొరియల మాదిరి తవ్వే పనివాళ్లు అంతా వెతికితే దొరికినవి రెండు మృతదేహాలు. పైన పులుల అభయారణ్యం కాబట్టి ఆ సొరంగానికి మధ్యలో ఎక్కడా బయటికి దారులు పెట్టలేదు. రెండు చివరల నుంచే తవ్వుకుంటూ పోవాలి. పులికి ఇబ్బంది కాకూడదన్న ఆలోచన సరైనదే. మరి మనిషికి ఆపద వస్తే ఏ దారిన రావాలన్న ఆలోచన ఎవరిది? జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, కాశ్మీర్ నుంచి వచ్చిన ఆ బిడ్డల చావు దగ్గర మేం ప్రాంతం లెక్కలు తీయం. పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడు ఎక్కడివాడైనా మనవాడే. దిగినవాడు తిరిగొస్తాడన్న మాట నగర ప్రయాణికుడికి దొరికింది, నల్లమల కింద కూలీకి దొరకలేదు. అదే మా బాధ.

ఇక మొదటి కట్టుబాటు. నింపినవాడే మూత తీయాలన్నది. శ్రీశైలం అనే పాతరను ఎవరు నింపారు? 1963లో పునాది వేసిన ఆ ప్రాజెక్టును మొదట తలపెట్టింది కరెంటు కోసం. దాని కడుపు నింపడానికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు మునిగాయి. లక్ష మంది దాకా ఇల్లూ పొలమూ వదిలారు. 1981లో నీళ్లు తరుముకొస్తుంటే ఊళ్లను బలవంతంగా ఖాళీ చేయించి ఇళ్లు పడగొట్టారు. ఆ ముంపులో గుళ్లు కూడా ఉన్నాయి. రూపాల సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి కర్నూలు దగ్గర జగన్నాథగట్టు మీద మళ్లీ నిలబెట్టారు. మంచి పని, కాదనం. రాయిని తెచ్చి దాని చోటు దానికి చూపించిన సర్కారు, ఆ గుడి ముందు మొక్కిన మనిషికి చోటు చూపించిందా? 1986లో జీవో 98 ఇచ్చి ముంపు కుటుంబానికొక ఉద్యోగమన్నారు. ఆ జీవో కాగితం పట్టుకుని యువకులుగా ధర్నాల్లో కూర్చున్నవాళ్లు ముసలివాళ్లయ్యారు.

తరలించకుండా వదిలేసిన సంగమేశ్వరం గుడి ఏటా నీళ్లలోకి పోతుంది. ఎండాకాలం జలాశయం తగ్గితే పైకి తేలుతుంది. అప్పుడు పూజారి వచ్చి వేపదారు లింగానికి పూజ చేస్తాడు. చుట్టుపక్కల ముంపు ఊళ్లవాళ్లు వచ్చి, బురదలో తమ ఊరి ఆనవాళ్లు వెతుక్కుంటారు. శ్రీశైలంలో కృష్ణకు పాతాళగంగ అని పేరు. యాత్రికుడు మెట్లు దిగి మునుగుతాడు, తిరిగి పైకొస్తాడు. ఆ మెట్లలో అడుగువి డ్యాం కట్టాక నీళ్లలో కలిశాయి. ఆ ఊళ్లూ అంతే. దిగడం వాటికి రాసిపెట్టారు, పైకి రావడం రాయలేదు.

ఇన్ని ఊళ్లు పోసి నింపిన పాతరకు మూత మన చేతిలో ఉందా? జలాశయం నిండు మట్టం 885 అడుగులు. పోతిరెడ్డిపాడు తూముల్లోంచి సీమకు సరిపడా నీళ్లు పారాలంటే కనీసం 854 అడుగులు నిలబడాలి. 1996లో జీవో 69 తెచ్చి ఆ కనీస మట్టాన్ని 834కు దించారు. ఎన్నో గొడవల తర్వాత 2004లో జీవో 107 మళ్లీ 854 అంది. కాగితం మీద ఒక అంకె దిగితే కర్నూలు, కడప చేలల్లో ఒక కారు పోతుంది. ఆ అంకె రాసే కలం ఏనాడూ సీమలో లేదు. 1937 నవంబరు 16న శ్రీబాగ్‌లో కోస్తా పెద్దలు సంతకం పెట్టి కృష్ణా, తుంగభద్ర నీళ్లలో సీమకే ముందు హక్కు అన్నారు. 1953లో కర్నూలుకు రాజధాని వచ్చింది, మూడేళ్లకు పోయింది. నీళ్ల మాట మాత్రం నీళ్లలోనే ఉంది.

"సీమ నుంచి ఇంతమంది ముఖ్యమంత్రులయ్యారు కదా, ఇంకేం కావాలి?" అని మమ్మల్ని అడగని వేదిక లేదు. అయ్యా, కుర్చీ వేరు, మూత వేరు. కుర్చీ ఎక్కినవాడు ఎక్కువ ఓట్లున్న చోటికి చూస్తాడు. మూత ఊరి చేతిలో ఉంటే ఎవరు కుర్చీలో ఉన్నా ఊరినడగక తప్పదు. 2016 మే 31న సిద్ధేశ్వరం అలుగుకు శంకుస్థాపన చేస్తామని వేలాదిమంది రైతులతో పాటు మేమూ నడిచాం. పోలీసులు దారులు మూసేస్తే చేలకు అడ్డంపడి పోయాం. శ్రీశైలం నీళ్లు ఎగువన కొంత నిలవాలని, మన పాతర మూత మీద మన చేయి ఒకటి ఉండాలని అడగడానికే ఆ నడక. టికెట్టు కొని స్టేషన్లో కూర్చున్న లండన్ జనానికీ, చేలకు అడ్డంపడి నడిచిన సీమ రైతుకూ తేడా లేదు. జనం కూర్చుంటేనే చోటు జనానిదవుతుంది.

మనకు మనం కూడా ఒక మాట చెప్పుకోవాలి. రేపు రాష్ట్రం వస్తుంది. వచ్చాక మూత మన కాంట్రాక్టర్ల చేతిలోకే పోతే, మన సొరంగంలో దిగిన కూలీకి గాలి లేకపోతే, మన ప్రాజెక్టు ముంచిన ఊరికి మళ్లీ కాగితమే మిగిలితే, దేనికోసం కొట్లాడినట్టు? అందుకే రాష్ట్రం రాకముందే షరతులు రాసుకుందాం. శ్రీశైలంలో 854 అడుగుల మట్టానికి చట్టబద్ధమైన హామీ కావాలి. జీవో 98 కింద మిగిలిన కుటుంబాల జాబితాను ఊరూరా గోడకు అతికించి లెక్క తేల్చాలి. నీళ్లకైనా, కరెంటుకైనా, గనికైనా, భూమి కిందికి మనిషిని దింపే ప్రతిచోటా గాలికి, ఆపద దారికి బాధ్యుడెవరో ముందే పేరు రాసి పెట్టాలి. ఆ సొరంగాల్లో పోయినవాళ్ల పేర్లు శ్రీశైలంలో యాత్రికులు నడిచే దారిలో రాతిమీద చెక్కాలి.

కర్నూలుకు భూగర్భ రైలు ఇప్పుడే కావాలని మేం అడగడం లేదు. మెజెస్టిక్ మెట్లు దిగే పిల్లవాడు పండక్కి కాకుండా పంటకు ఊరు రావాలని అడుగుతున్నాం. విద్యార్థులూ, ఉద్యోగులూ, ఈ వేసవిలో సంగమేశ్వరం పైకి తేలితే ఒక్కసారి వెళ్లి రండి. బురద మీద నిలబడి చుట్టూ చూడండి. మీ కాళ్ల కింద ఉన్నది మన పాతరే. దాన్ని నింపింది మనమే. ఇక మూత మీద చేయి వేద్దాం రండి.