ఫ్లూ జ్వరానికి యాంటీబయాటిక్ ఎందుకు?

వానలు మొదలై, బడులు తెరిచిన కొన్ని వారాలకే మన ఊళ్లలో ఒక దృశ్యం ఏటా కనిపిస్తుంది. నాలుగేళ్ల బిడ్డకు ముక్కు కారుతుంది, రాత్రికి ఒళ్లు కాలిపోతుంది. తెల్లవారగానే తండ్రి వీధి చివరి మందుల షాపుకు వెళ్లి "బాబుకు జ్వరం, దగ్గు" అంటాడు. షాపతను పారాసిటమాల్ సిరప్పుతో పాటు ఒక యాంటీబయాటిక్ సీసా కూడా చేతిలో పెడతాడు. డాక్టరు చీటీ అడగడు, బిడ్డ బరువూ అడగడు. దీనిని మనం వైద్యం అని పిలుచుకుంటున్నాం. ఇది వైద్యం కాదు, బిడ్డకు చేస్తున్న అపకారం అని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసిన తొలి సంవత్సరాలలో ఉదయం ఓపీకి వందమందికి పైగా వచ్చేవారు. "అమ్మా, ఇది వైరస్ జ్వరం, దానంతట అదే తగ్గుతుంది" అని ఒక తల్లికి నచ్చజెప్పడానికి ఐదు నిమిషాలు పట్టేది. యాంటీబయాటిక్ పేరు రాయడానికి ఐదు సెకన్లు చాలు. అనేకమార్లు నేను రెండవ దారినే పట్టాను. తల్లి సంతృప్తిగా వెళ్లేది, వరుస ముందుకు కదిలేది.

ఆ చీటీల మూల్యం ఏమిటో చాలా ఏళ్ల తరువాత తెలిసింది. నెలలు నిండకుండా పుట్టిన ఒక శిశువు రక్తపరీక్ష నివేదిక నా చేతికి వచ్చింది. రక్తంలోని బాక్టీరియాపై ఏయే మందులు పనిచేస్తాయో తెలిపే పట్టికలో దాదాపు ప్రతి మందు ఎదుటా 'రెసిస్టెంట్' అనే ఉంది. అంటే పనిచేయదని అర్థం. ఆ బిడ్డ పుట్టి అప్పటికి ఆరు రోజులే. ఒక్క మందు కూడా అనవసరంగా మింగిన పాపం ఎరుగదు. మనమందరం కలిసి మింగినవాటికి ఆ పసిప్రాణం బదులు చెల్లించింది.

విషయం చాలా సరళమైనది. ఫ్లూ వైరస్ వల్ల వస్తుంది. యాంటీబయాటిక్‌లు బాక్టీరియాపై పనిచేస్తాయి. కొన్ని బాక్టీరియా కణకవచాన్ని దెబ్బతీస్తాయి, కొన్ని అది ప్రోటీన్లు తయారు చేసుకోకుండా అడ్డుకుంటాయి. వైరస్‌కు ఆ కవచమూ లేదు, ఆ యంత్రాంగమూ లేదు. కనుక అమాక్సిసిలిన్ కానీ, అజిత్రోమైసిన్ కానీ, సెఫిక్సైమ్ కానీ ఫ్లూ వైరస్‌ను ఏమీ చేయలేవు. బిడ్డ పేగులలోని మేలుచేసే బాక్టీరియాను మాత్రం చంపుతాయి. విరేచనాలు పట్టుకుంటాయి. చావక మిగిలిన మొండి బాక్టీరియా ఆ ఖాళీలో పెరుగుతుంది.

"పోయినసారి వేస్తే మూడు రోజుల్లో తగ్గింది కదా డాక్టరుగారూ" అంటారు. ఫ్లూ జ్వరం సాధారణంగా మూడు నుంచి ఐదు రోజులలో మందు లేకపోయినా దిగిపోతుంది. తన కోడీ, కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ మీకు తెలిసిందే. "చీమిడి పచ్చగా మారింది" అంటారు. జలుబు ముదిరి తగ్గే క్రమంలో రంగు మారడం సహజం. అదొక్కటే బాక్టీరియాకు రుజువు కాదు. "ముందు జాగ్రత్తగా వేస్తే పోయేదేముంది?" అంటారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ముందే వేస్తే న్యుమోనియా రాకుండా ఆగుతుందనడానికి ఆధారం లేదు. పోయేదేమిటో పైన చెప్పాను.

తోటి వైద్యులకూ, మందుల షాపులవారికీ ఒక మాట. "మేము ఇవ్వకపోతే పక్కవాడి దగ్గరకు పోతారు" అన్నది వ్యాపారపు లెక్క. 2014 మార్చి నుంచి అమలులో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం సెఫిక్సైమ్ వంటి మందులను చీటీ లేకుండా అమ్మరాదు. రోగి పేరు, రాసిన డాక్టరు పేరు ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేసి మూడేళ్లు భద్రపరచాలి. పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే ఈ ప్రమాదాన్ని హెచ్చరించాడు. తెలియక చేస్తున్నామని ఇంకా ఎవరిని నమ్మించగలం?

మరి ఇంట్లో ఏం చేయాలి? బిడ్డకు విశ్రాంతి ఇవ్వండి. చనుబాలు ఆపవద్దు. గంజి, పప్పుకట్టు, మజ్జిగ, కొబ్బరినీళ్లు కొద్దికొద్దిగా తరచూ పట్టండి. లంఖణం పరమౌషధం అన్న మాట పసివారికి వర్తించదు. జ్వరానికి పారాసిటమాల్ చాలు. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి డాక్టరుచేత రాయించుకోండి. ఆస్పిరిన్ ఇవ్వవద్దు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించవద్దు. మరిగే నీళ్ల గిన్నె దగ్గర పిల్లలను కూర్చోబెట్టి ఆవిరి పట్టవద్దు, ఒళ్లు కాలే ప్రమాదముంది. హాజరు పోతుందని పొద్దున్నే జ్వరం మందు పోసి బడికి పంపవద్దు. మందు లేకుండా ఇరవై నాలుగు గంటలు జ్వరం రాకుండా ఉన్న తరువాతే పంపండి. బడి యాజమాన్యాలు నూరుశాతం హాజరుకు బహుమతులు ఇవ్వడం మానుకోవాలి.

నిజమైన ముందు జాగ్రత్త టీకా. మన దేశంలో ఫ్లూ వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి వరకు మరొకసారి విజృంభిస్తుంది. ఆరు నెలలు నిండిన బిడ్డకు వానలకు ముందే టీకా వేయించవచ్చు. చిన్నపిల్లలకు మొదటిసారి నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు, ఆపై ఏటా ఒకటి. ఇంట్లోని గర్భవతులు, వృద్ధులు, ఉబ్బసం, మధుమేహం ఉన్నవారు కూడా డాక్టరును అడిగి వేయించుకోవాలి. అక్కరలేని యాంటీబయాటిక్ సీసాలకు వెనుకాడక ఖర్చుపెట్టే మనం టీకా దగ్గరకు వచ్చేసరికి ఖరీదు గురించి ఆలోచిస్తాం.

ఇంట్లో ఆగకూడని సమయాలూ ఉన్నాయి. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు పొట్ట కదలికను చూస్తూ ఒక పూర్తి నిమిషం శ్వాసలు లెక్కపెట్టండి. రెండు నెలలలోపు 60, ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల వరకు 40, లేదా అంతకు మించితే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. డొక్కలు లోపలికి లాగుతున్నా, పెదవులు నీలిరంగుకు మారినా, ఏమీ తాగలేకపోయినా, మూత్రం బాగా తగ్గినా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఆలస్యం పనికిరాదు. మూడు నెలలలోపు బిడ్డకు ఏ జ్వరమైనా అంతే. తగ్గిన జ్వరం మళ్లీ ఎక్కువై దగ్గు ముదిరితే న్యుమోనియా కావచ్చు.

అప్పుడు యాంటీబయాటిక్ కావాలి. అప్పుడు అదే బిడ్డ ప్రాణం నిలుపుతుంది. ఆ రోజుకు అది పనిచేసే మందుగా మిగిలి ఉండాలంటే, ఈ వానాకాలం జలుబుకు దానిని అడగకండి. ఎవరైనా ఇవ్వబోతే "ఇది ఎందుకు?" అని ఒక్క ప్రశ్న వేయండి. జవాబు చెప్పవలసిన బాధ్యత ఇచ్చేవారిదే.