కర్త యెక్కడ?

ఆంగ్లరచనను గూర్చి మన బడులలో రెండు మూఢమతములు ప్రబలియున్నవి. కర్తరిప్రయోగము పామరము, కర్మణిప్రయోగమే గంభీరమని కొందఱందురు. కర్మణి కనబడినచోటనెల్ల నెఱ్ఱసిరాతో గీటుపెట్టవలెనని మఱికొందఱందురు. మేము రెండింటిని నిరాకరించుచున్నాము. 1918లో స్ట్రంకు పండితుడును, 1946లో జార్జి ఆర్వెలును కర్తరినే వాడుమనిరి. అయినను ఇరువురును మినహాయింపునకు చోటిచ్చిరి. శిష్యులు మినహాయింపును మఱచి సూత్రమును మాత్రమే పట్టుకొనిరి.

"గద్వాల కోటను సోమనాద్రి కట్టించెను" అని తెలుగున వ్రాయుదుము. కర్మమును ముందు నిలిపినను ద్వితీయావిభక్తి యుండుటచే నర్థము చెడదు. ఆంగ్లమున పదముల వరుసయే విభక్తి. అందు కోటను ముందు నిలుపవలెనన్న కర్మణియే శరణ్యము. ఇందు దోషమేమి? సంస్కృతమునను కర్మణియందు కర్త తృతీయావిభక్తితో నిలువగలడు. రాత్రివేళ దుకాణమున సొత్తు పోయి, దొంగ యెవడో తెలియనప్పుడు కర్తలేని వాక్యమే సత్యవాక్యము.

కర్త తెలిసియు, అతడు జవాబు చెప్పవలసియుండియు, వాక్యమునుండి తప్పించుకొనుటయే దోషము. శ్రీశైల జలాశయము నిండినప్పుడు కొల్లాపురము, ఆలంపురము ప్రాంతములలో కృష్ణాతీర గ్రామములెన్నో మునిగినవి. "గ్రామములు ఖాళీ చేయింపబడినవి" అని ఆంగ్లమున వ్రాసి చూడుడు. వ్యాకరణమున తప్పు లేదు. ఖాళీ చేయించినదెవరు? పరిహారము నిర్ణయించినదెవరు? ఇల్లు విడిచిన రైతు అడుగవలసిన ప్రశ్నకు ఆ వాక్యమున తావే లేదు.

ఆజ్ఞ పదవిది గాని మనిషిది గాదు, పేరెందుకని కొందఱడుగుదురు. పేరు వలదు, పదవినే వ్రాయుడు. "కలెక్టరు నిర్ణయించిరి" అన్నచో గాంభీర్యమునకు వచ్చిన లోటేమి? పాలనానిర్ణయములకు గల కారణములను బాధితులకు తెలుపవలెనని 2005నాటి సమాచారహక్కు చట్టమే విధించుచున్నది. కారణమడుగుటకు ముందు, ఎవరినడుగవలెనో తెలియవలదా? 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడును జిల్లాకేంద్రములైనవి. కార్యాలయము ప్రజల చెంతకు వచ్చినది. కార్యాలయపు వాక్యములోనికి కర్తయు రావలెను.

ఉపాధ్యాయులకు మా మనవి యొక్కటే. "ఈ వాక్యమును కర్మణిలోనికి మార్చుము" అని యడిగి మార్కులు వేసి యూరకుండకుడు. కర్త తొలగినందువలన లాభమెవరికి, నష్టమెవరికి అని కూడ నడుగుడు. ఈ శిక్షణము ఇంటనే మొదలుకావచ్చును. "గిన్నె పగిలినది" అని బిడ్డ చెప్పును. అది కర్మణి కాదు. అయినను చేసినవాడు మాయమైనాడు. "నేను పగులగొట్టితిని" అని దండనభయము లేక చెప్పనేర్చిన బిడ్డ, రేపు అధికారియైనప్పుడు "నేను నిర్ణయించితిని" అని వ్రాయుటకు వెఱవడు. దరఖాస్తు వ్రాయువాడైనచో, "నిర్ణయించినదెవరు?" అని యడుగుటకును వెఱవడు.