తొలిపాట, తొలిపదును



గడచిన ఆషాఢమున మా యక్కగారి కుమారుడు బెంగుళూరునుండి వచ్చి పదిదినములు మా యింట నుండెను. అతనికి రాక్ సంగీతమన్న ప్రాణము. బెంగుళూరు ఆ సంగీతమునకు పేరుపడిన పట్టణము; 2007లో అయన్ మెయిడెన్, 2011లో మెటాలికా అను ప్రసిద్ధ బృందములు అచ్చట పాడిపోయినవి. నాకా సంగీతముతో పరిచయము లేదు. ఒకనాటి మధ్యాహ్నము అతడు తన ఫోను నా చేతికిచ్చి, "చిన్నమ్మా, అన్నీ వినే ఓపిక నీకుండదు. ప్రతి ఆల్బంలో మొదటి పాట ఒక్కటి విను, చాలు" అనెను. కావ్యమున మొదటి పద్యము చదివి పుస్తకము మూయుదునా యని కోపపడితిని గాని, వినుట మానలేదు.

ఆల్బమనగా పదిపండ్రెండు పాటల కూర్పు. ఏది ముందో ఏది వెనుకో పాడినవారే యోచించి పెట్టుదురు. కనుక మొదటిపాట గ్రంథారంభము వంటిది.

బీటిల్స్ అను నలుగురు ఆంగ్లయువకులు 1967లో వెలువరించిన 'సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్' అను ఆల్బము నారంభింపగా మొదట పాట వినరాలేదు. జనుల గుసగుసలును, వాద్యములను శ్రుతి చేయుచున్న సవ్వడియు వినవచ్చెను. నా మనస్సు భరతముని యొద్దకు బోయెను. నాట్యశాస్త్రపు టైదవ యధ్యాయమున పూర్వరంగము చెప్పబడినది గదా! వాద్యములను దెచ్చి యమర్చుట, గాయకులు కూర్చుండుట, తంత్రులను సరిచూచుట, పిమ్మట నాంది. ఇచ్చటను అదియే వరుస. గుసగుసలణగిన పిదప ఆ బృందము తన్ను దాను ఎఱిగించుకొని, సభకు స్వాగతము పలికి, తుదకు బిల్లీ షియర్స్ అను కల్పిత గాయకుని పేరెత్తును. ఆ పేరు వినబడుటయే తడవుగా రెండవపాట వాని నోట మొదలగును. శాకుంతల ప్రస్తావనాంతమున సూత్రధారుడు దుష్యంతుని పేర్కొనగనే లేడిని దఱుముచు రాజు ప్రవేశించుట లేదా? లివర్‌పూలు యువకులు కాళిదాసును జదివిరని నేననను. వచ్చినవారిని కుదురుగా గూర్చుండబెట్టు నవసరము రెండుచోట్లను ఒక్కటే.

ఆ మాటకు వచ్చిన మన జిల్లాకిది క్రొత్త గాదు. ధర్మవరమున 1853లో జన్మించి, బళ్లారిలో న్యాయవాదియై, తెలుగు నాటకమున పాటకు పెద్దపీట వేసి ఆంధ్రనాటకపితామహుడనిపించుకొన్న రామకృష్ణమాచార్యులుగారు మనవారే. తరువాతి తరమున చందాల కేశవదాసుగారి ప్రార్థనాగీతము తెలుగు రంగస్థలమున తెర లేవకమునుపే వినవచ్చెడిది. పిల్లల యేడుపు, బీడీల పొగ, చాపలకై తగవు, ఇవన్నియు ఆ ప్రార్థనతో సద్దుమణిగెడివని మా యత్తగారు చెప్పుదురు. ఇక ప్రొద్దున మన యిండ్లలో మ్రోగు ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి సుప్రభాతపు రికార్డు 1963 నాటిది. అందలి మొదటి శ్లోకము వాల్మీకిది, విశ్వామిత్రుడు రాముని మేల్కొలుపునది. తక్కినవి పదునైదవ శతాబ్దపు ప్రతివాదిభయంకరము అణ్ణన్ గారివి. ఋషి పిలుపు ముందు నిలుచుటచేతనే తరువాతి శ్లోకములకు దారి యేర్పడినది.

అతడు వినిపించినవానిలో కొన్ని ఒక్క దెబ్బతోనే మేల్కొలుపును. బీటిల్స్ వారిదే 1964 నాటి 'ఎ హార్డ్ డేస్ నైట్' ఒక్క గిటారు మ్రోతతో మొదలగును. వేఱు పరిచయము లేదు. మెటాలికావారి 1986 నాటి 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'లో మొదట గిటారులు మెల్లగా, గుడిలో పలికినట్లు పలుకును. అంతలో పిడుగు పడును. ఆ పిడుగుతో నా చెవులకు సంధి కుదరలేదు.

"మొదటిదే అన్నిటికంటె గొప్పదిగా ఉండాలి" అని అతని వాదము. నేనొప్పుకొనలేదు. ఇందుకు నా సాక్ష్యము పాటలలోనిది గాదు, వాని తండ్రి చేనిలోనిది. మన జిల్లాలో సాలుకు సగటున పడు వాన సుమారు 55 సెంటీమీటర్లు. ఈ యేడు తొలకరి ఒక్క సాయంకాలము దండిగా గురిసెను. ఎఱ్ఱనేల తడిసి చక్కని పదునయ్యెను. మా బావగారు ఆ తొలిపదునునే నమ్మి వేరుసెనగ విత్తిరి. పిమ్మట నెల గడచినను చినుకు లేదు. మొలకలు చేలోనే మాడిపోయెను. గొప్ప తొలివాన కురిసి తరువాత మొగము చాటుచేసిన యేడు వానలేని యేటికంటె చెడ్డది. విత్తనమును గూడ కాజేయును. ఉన్నదంతయు మొదటిపాటలో గుమ్మరించిన ఆల్బము నాకట్టిదే. ఈ మాట వినిపించిన పిదప అతడు చాలసేపు పలుకలేదు. నేనును తొందరపడి యంటినేమో.

తరువాత అతడే యు2 అను ఐర్లాండు బృందమువారి 1987 నాటి 'ది జాషువా ట్రీ' పెట్టెను. ఆ పేరు అమెరికా యెడారిలో బెరుగు నొక చెట్టుదట. అందలి మొదటిపాట దూరమునుండి మేఘము వచ్చినట్లు వచ్చును. మొదట సన్నని నాదము, పిదప గిటారు, పిదప మద్దెల. నిమిషమున్నర దాటువఱకు గొంతు వినబడదు. గాయకుడు బోనో 1985లో ఇథియోపియా క్షామశిబిరమున భార్యతో గూడ పనిచేసినవాడు. వాన కెదురుచూచుట యెట్టిదో ఆ గిటారు నాకు జెప్పినది. నే విన్నవానిలో నిదియే మేలైన తొలిపాట. తన గొప్ప తాను జెప్పుకొనదు, రాబోవు పాటలకై మనలను నిలుపును.

అతడు ఫోనులో పాటలను కలగలుపుగా వినునని అప్పుడు తెలిసినది. గాయని అడెల్ కోరగా 2021 నవంబరులో స్పాటిఫైవారు, ఆల్బము తెరువగనే పాటలను కలగలుపు బొత్తామును మార్చి, వరుసగా వినిపించుటనే మొదటి యేర్పాటు గావించిరి. ఆమె కోరినది న్యాయమే. ఇంకొకటి గూడ జెప్పితిని. గ్రామఫోను పళ్లెమునకు రెండు మొగములుండుటచే దానికి తొలిపాటలును రెండు. సార్జెంట్ పెప్పరు రెండవ మొగమున మొదటిది జార్జి హారిసన్ పాట. తంబుర, దిల్‌రుబా, తబలాలతో మన వాద్యసభవలెనే యుండును. ఫోనులో నది కేవలము ఎనిమిదవ పాట. పళ్లెమును త్రిప్పి, నిశ్శబ్దములో నొక క్షణము నిలిచి విన్నవారికది రెండవ యారంభము. అతడా సంగతి యెఱుగడు.

బెంగుళూరు బస్సెక్కునపుడు అతడా యెనిమిదవ పాటనే పెట్టుకొనెను. రెండవ పదునుకు కావలసిన విత్తనమునకు సగము సొమ్ము తాను పంపెదనని తండ్రితో జెప్పి పోయెనట.