రిటైర్మెంట్ వీసాకు ఇంటి నుంచే దరఖాస్తు పెట్టాలి



2024 ఏప్రిల్‌లో విశాఖ నుంచి బ్యాంకాక్‌కు, కౌలాలంపూర్‌కు నేరుగా విమానాలు మొదలయ్యాక ఉక్కునగరం, గాజువాక పెద్దల పొద్దుటి నడకలో థాయిలాండ్ ఊసు కూడా వచ్చి చేరింది. రిటైరయ్యాక కొన్నేళ్లు అక్కడ ఉండి వస్తే ఎలా ఉంటుందని ఆలోచన. దీనికి ఏజెంట్ల సలహా తోడైంది: ‘అమెరికాలో అబ్బాయి దగ్గర ఆర్నెల్లు ఉంటారుగా, అక్కడి నుంచే అప్లై చేసేయండి. అంతా ఆన్‌లైనే.’

ఆ సలహా తప్పు.

థాయిలాండ్ ఇచ్చే రిటైర్మెంట్ వీసాకు, అంటే ఓ-ఏ వీసాకు, యాభై ఏళ్లు నిండాలి. సొంత దేశంలో గానీ, శాశ్వత నివాసం ఉన్న దేశంలో గానీ దరఖాస్తు పెట్టుకోవాలి. విజిటర్ వీసా మీద డాలస్‌లో ఉన్న తండ్రికి అమెరికా ఈ రెండూ కాదు. 2025 జనవరి నుంచి థాయిలాండ్‌కు ఈ-వీసా వచ్చిన మాట నిజమే. కానీ ఎక్కడ ఉంటున్నారో రుజువు పెట్టమని ఆ ఫారమూ అడుగుతుంది. అమెరికా వీసాలదీ ఇప్పుడు ఇదే పద్ధతి. టూరిస్టు, స్టూడెంట్ లాంటి వీసాలకు సొంత దేశంలోనో, నివాస దేశంలోనో ఇంటర్వ్యూకు వెళ్లాలని 2025 సెప్టెంబరులో తేల్చి చెప్పింది. దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో స్లాటు పట్టే పాత కిటుకు దాంతో చెల్లకుండా పోయింది.

కాగితాలు చూసినా ఇల్లే నయం. పోలీసు క్లియరెన్సు కోసం విశాఖ పాస్‌పోర్టు ఆఫీసులో దరఖాస్తు పెడితే విచారణ మన స్టేషన్‌లోనే జరుగుతుంది. డాక్టరు సర్టిఫికెట్‌లో కుష్ఠు, క్షయతో పాటు బోదకాలు కూడా లేదని రాయాలి. బోదకాలు ఉత్తరాంధ్రకు కొత్త జబ్బు కాదు. దాని గురించి ఇక్కడి డాక్టరుకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇక డబ్బు. బ్యాంకులో 8 లక్షల బాట్లయినా ఉండాలి, నెలకు 65 వేల బాట్ల ఆదాయమైనా చూపాలి. మొదటిది 20 లక్షల రూపాయలు దాటుతుంది, రెండోది లక్షన్నర దాటుతుంది. 15 వేల వేతన పరిమితి మీద 35 ఏళ్ల సర్వీసుకు ఈపీఎస్ పింఛను 7,500 రూపాయలే. కాబట్టి ఉక్కు కార్మికుడికి మిగిలేది డిపాజిట్ దారి, అంటే పీఎఫ్, గ్రాట్యుటీలే. ఆరోగ్య బీమా ఖర్చు అదనం. అక్కడ ఉద్యోగం చేయడానికి వీల్లేదు.

టూరిస్టుగా వెళ్లి అక్కడి ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో వీసా మార్చుకునే దారి ఒకటి ఉన్నమాట వాస్తవం. దానికీ వయసు, డబ్బు నిబంధనలు తప్పవు. కుదరకపోతే పరాయి ఊళ్లో గడువు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి.

అందుకే ఏజెంటు ఫీజు పుచ్చుకునే ముందు దరఖాస్తు ఏ దేశంలోని ఏ కాన్సులేట్‌కు వెళ్తుందో రాసి ఇవ్వాలన్న నియమం రావాలి. ఉక్కు కర్మాగారం, పోర్టు యాజమాన్యాలు రిటైరయ్యేవారికి పీఎఫ్ కాగితాలతో పాటు ఈ వివరాలు కూడా తెలుగులో అచ్చువేసి అందిస్తే మేలు.

– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం