బాణీకి మాట కూర్చిన గిటారిస్టు

స్వీడన్ పాప్ బృందం అబ్బాలో గిటార్ తగిలించుకుని కనిపించే బ్యోర్న్ ఉల్వేయస్‌ను గిటారిస్టుగా మాత్రమే తూచితే పెద్దగా చెప్పుకోవడానికి ఉండదు. ఆ రికార్డుల్లో చెవిని పట్టుకునే ఎలక్ట్రిక్ గిటార్ పలుకులు చాలావరకు యాన్నె షాఫర్, లాసె వెల్లాండర్ వంటి స్టూడియో కళాకారులవి. ఉల్వేయస్ ఎక్కువగా అకూస్టిక్ గిటార్‌తో లయ పట్టేవారు. ఆయన అసలు పని రెండు భాగాలు. బెన్నీ ఆండర్సన్ పక్కన కూర్చుని బాణీ కట్టడం మొదటిది. ఆ బాణీకి, తన మాతృభాష కాని ఇంగ్లిష్‌లో మాటలు కూర్చడం రెండోది. బాణీలను అందరూ మెచ్చుకున్నారు. మాటల పనిని మాత్రం విమర్శకులు చాలాకాలం లెక్కలోకే తీసుకోలేదు. అబ్బా పాటలు ఇంతకాలం నిలవడంలో ఆ మాటలది పెద్ద పాలే.

ఆయన 1945 ఏప్రిల్ 25న గోథెన్‌బర్గ్‌లో పుట్టారు. చిన్నప్పుడే కుటుంబం తూర్పు తీరంలోని వేస్టర్‌విక్ అనే చిన్న పట్టణానికి మారింది. బ్రిటన్ నుంచి వచ్చిన స్కిఫిల్ సంగీతం మోజు, దాని వెనకే అమెరికన్ జానపద గీతాల మోజు ఆ ఊరి కుర్రాళ్లకూ అంటుకున్నాయి. స్నేహితులతో కట్టిన బృందం 1963లో రేడియో పోటీకి వెళ్లింది. అప్పుడే మొదలైన పోలార్ రికార్డు కంపెనీ వాళ్లను తీసుకుని హూటెనానీ సింగర్స్ అని పేరు పెట్టింది. కంపెనీ యజమానులు స్టిగ్ ఆండర్సన్, బెంట్ బర్న్‌హాగ్. ఈ బృందం డాన్ ఆండర్సన్ వంటి స్వీడిష్ కవుల గీతాలను పాడింది. ఒక మనిషి, ఒక చోటు, ఒక సంఘటన చుట్టూ అల్లిన కథాగీతాలవి. పాటలో ఎవరో ఒకరు మాట్లాడుతుండాలన్న పట్టింపు ఉల్వేయస్‌కు అక్కడే అబ్బి ఉండాలి.

బెన్నీ ఆండర్సన్ పరిచయం 1966 వేసవిలో. అప్పటికి ఆయన హెప్ స్టార్స్ అనే బృందంలో కీబోర్డు వాయిస్తూ స్వీడన్ కుర్రకారుకు ఆరాధ్యుడు. ఒకరు జానపదం, ఒకరు రాక్. అయినా కలిసిన కొద్ది రోజులకే ఇద్దరూ ఒక పాట కట్టారు. 1971లో బర్న్‌హాగ్ చనిపోయాక, ఆయన చేస్తున్న రికార్డు నిర్మాత ఉద్యోగం స్టిగ్ ఉల్వేయస్‌కు ఇవ్వజూపారు. బెన్నీని కూడా తీసుకుంటేనే వస్తానన్నారు ఆయన. ఒకే జీతం ఇద్దరూ పంచుకున్నారు. తర్వాత యాభై ఏళ్లకు పైగా సాగిన భాగస్వామ్యానికి ఆ పంపకం మంచి పునాది.

అదే ఏడాది ఉల్వేయస్ గాయని అగ్నేతా ఫాల్ట్‌స్కోగ్‌ను పెళ్లి చేసుకున్నారు. నిజానికి అప్పటికి స్వీడన్‌లో ఆయనకంటే ఆమెకే పేరెక్కువ. బెన్నీకి కాబోయే భార్య ఆన్నీ-ఫ్రిడ్ లింగ్‌స్టాడ్ కూడా గాయనే. నలుగురూ కలిసి 1972లో రికార్డు విడుదల చేసినప్పుడు బృందానికి పేరే లేదు. నలుగురి పేర్లూ వరసగా అచ్చేశారు. ఆ పేర్ల మొదటి అక్షరాలు కలిపితే అబ్బా అయింది. స్వీడన్‌లో అప్పటికే ఆ పేరుతో చేపల డబ్బాలు అమ్మే కంపెనీ ఉంది. దాని అనుమతి తీసుకోవలసి వచ్చింది.

1974 ఏప్రిల్ 6న ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో జరిగిన యూరోవిజన్ పాటల పోటీలో అబ్బా పాడిన 'వాటర్లూ' గెలిచింది. ఆర్కెస్ట్రా నడిపిన కండక్టర్ నెపోలియన్ వేషంలో వచ్చారు. ఉల్వేయస్ చేతిలో నక్షత్రం ఆకారపు గిటార్, కాళ్లకు ఎత్తు మడమల బూట్లు. బ్రిటన్ జ్యూరీ ఈ పాటకు ఒక్క పాయింటూ ఇవ్వలేదు; కొద్ది వారాలకే అదే పాట బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. ఆ మెరుపు దుస్తుల వెనక పన్ను లెక్క కూడా ఉంది. రోజువారీ వాడకానికి పనికిరాని బట్టలైతేనే వాటి ఖర్చును స్వీడన్ చట్టం మినహాయింపుగా ఒప్పుకునేది. ఆ రోజుల్లో తమంత ఘోరంగా ముస్తాబైనవాళ్లు మరొకరు లేరని ఉల్వేయస్ తర్వాత తానే ఎగతాళి చేసుకున్నారు.

పాట తయారీకి ఒక పద్ధతి ఉండేది. స్టాక్‌హోమ్ దగ్గరి ద్వీపాల్లో విగ్‌సో ఒకటి. అక్కడ చిన్న చెక్క గది, అందులో ఒక పియానో. బెన్నీ పియానో ముందు, ఉల్వేయస్ గిటార్‌తో పక్కన. బాణీ కుదిరేదాకా నోటికొచ్చిన అర్థంలేని ఇంగ్లిష్ ముక్కలు పాడుకునేవారు. తెలుగు సినిమా పాటకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఇక్కడా ట్యూన్ ముందు పుడుతుంది, తత్తకారాలతోనో డమ్మీ పదాలతోనో కవి చేతికి వస్తుంది, దీర్ఘం పడే చోట దీర్ఘం, విరుపు వచ్చే చోట విరుపు చూసుకుని కవి రాయాలి. తేడా ఏమిటంటే, ఉల్వేయస్ ఈ పని పరాయి భాషలో చేశారు. ఆ పాట్లు తొలి పాటల పేర్లలోనే కనిపిస్తాయి. 'రింగ్ రింగ్', 'హనీ హనీ', 'ఐ డూ' అని ఐదుసార్లు: ఒకే మాట తిప్పి తిప్పి అంటే ఇంగ్లిష్ రాని శ్రోతకూ అందుతుంది, రాసేవాడికీ తప్పుల భయం ఉండదు. అప్పట్లో స్టిగ్ కూడా సాహిత్యంలో చేయి వేసేవారు. 'డాన్సింగ్ క్వీన్' అన్న పేరు ఆయన పెట్టిందే. అంతవరకూ స్టూడియోలో దాన్ని 'బూగలూ' అని పిలుచుకున్నారు. ఇంజినీర్ మైకేల్ ట్రెటో ఇద్దరు గాయనుల గొంతులను పొరలు పొరలుగా రికార్డు చేసి, టేపు వేగాన్ని పిసరంత మార్చి తెచ్చిన నిండుదనం మాటల్లోని పలుచదనాన్ని కొంత కప్పిపెట్టింది కూడా.

మలుపు 'ఫెర్నాండో' దగ్గర వచ్చింది. ఆన్నీ-ఫ్రిడ్ కోసం స్టిగ్ స్వీడిష్‌లో రాసినది మామూలు ప్రేమ ఓదార్పు పాట. 1976లో ఇంగ్లిష్ రూపం రాయవలసి వచ్చినప్పుడు ఉల్వేయస్ దాన్ని పక్కన పెట్టేశారు. వేసవి రాత్రి చుక్కల కింద పడుకుని ఉండగా తోచిన ఊహతో, కుర్రతనంలో పక్కపక్కన నిలబడి పోరాడిన ఇద్దరు ముసలివాళ్లు ఆ పోరాటపు రాత్రిని తలుచుకునే పాట రాశారు. ఇక్కడినుంచి పాటల్లో మనుషులు దిగారు. 1977 తర్వాత స్టిగ్ పేరు సాహిత్యంలో కనిపించదు. మాటల బాధ్యత మొత్తం ఉల్వేయస్‌దే.

విడిపోతున్న జంట ఖాళీ ఇంట్లో నిలబడి మాట్లాడే 'నోయింగ్ మీ, నోయింగ్ యూ' 1976 నాటిది. అప్పటికి ఆయన కాపురం నిలకడగానే ఉంది. ఆయన, అగ్నేతా విడిపోయింది 1978 చివర్లో. కనుక పాటను జీవితానికి నకలుగా చదవడం ఎంత పొరపాటో ఈ తేదీలే చెబుతాయి. 1980 నాటి 'ద విన్నర్ టేక్స్ ఇట్ ఆల్' విషయంలో ఆ పొరపాటు లోకమంతా చేసింది. బాణీ సిద్ధమయ్యాక ఉల్వేయస్ అర్థంలేని ఫ్రెంచి ముక్కలతో డెమో పాడి టేపు ఇంటికి తీసుకెళ్లారు. ఒక రాత్రి మందు పక్కన పెట్టుకుని గంటలో సాహిత్యం ముగించారు. మద్యంలో రాసినవి పొద్దునకు తేలిపోతాయని, ఇదొక్కటే నిలిచిందని ఆయన చెబుతుంటారు. విడాకులు తీసుకున్న భర్త రాసిన పాటను, విడాకులు తీసుకున్న భార్య పాడింది. తమ విడాకుల్లో గెలిచినవాళ్లెవరూ లేరని, బాధ మాత్రమే నిజం, కథ కల్పితమని ఉల్వేయస్ ఎన్నోసార్లు చెప్పారు. అగ్నేతా గొంతు విన్నవాళ్లు ఆ మాట నమ్మరు.

చివరి రెండేళ్ల పాటలు ఇంకా చిక్కబడ్డాయి. బడికి వెళ్తున్న కూతుర్ని చూసి తండ్రికి కలిగిన వెలితిని తల్లి గొంతులో పెట్టిన పాట ఒకటి, సోవియట్ అసమ్మతివాదుల భయం మీద ఒకటి. అన్నిటికంటే గట్టిది 1982 నాటి 'ద డే బిఫోర్ యూ కేమ్'. ఒకావిడ తన జీవితంలోకి ఎవరో రావడానికి ముందురోజును గుర్తుచేసుకుంటుంది. రైలెక్కడం, పేపరు, ఆఫీసు, సిగరెట్లు, దారిలో కొనుక్కున్న భోజనం, టీవీ, నిద్ర. ప్రతిదీ 'అయ్యే ఉంటుంది' అన్న అనుమానంతోనే. పల్లవి అనదగ్గది లేదు. వచ్చినవాడు ఎవరో, వచ్చి మేలు చేశాడో కీడు చేశాడో చెప్పరు. ఆరు నిమిషాలకు కాస్త తక్కువ నిడివిగల ఈ పాట బ్రిటన్‌లో 32వ స్థానం దాటలేదు. ఉల్వేయస్ రాసినవాటిలో శిఖరం మాత్రం ఇదే. ఆ ఏడాది చివరికి బృందం పని ఆపేసింది. విడిపోతున్నట్టు ప్రకటన ఏదీ లేదు.

తర్వాత దారి రంగస్థలం వైపు మళ్లింది. టిమ్ రైస్‌తో కలిసి కట్టిన 'చెస్' 1984లో ఆల్బమ్‌గా, 1986లో లండన్ నాటకంగా వచ్చింది. అందులోని పాటలు హిట్టయ్యాయి, బ్రాడ్వేలో నాటకం దెబ్బతింది. 1995లో మాల్మోలో మొదలైన 'క్రిస్టీనా ఫ్రాన్ డువెమోలా' స్వీడిష్ రచన. 19వ శతాబ్దంలో స్మోలాండ్ ప్రాంతపు రైతులు అమెరికాకు వలసపోయిన కథ, విల్హెల్మ్ మూబెరి నవలల ఆధారం. వేస్టర్‌విక్ ఆ ప్రాంతంలోదే. సొంత భాషలో, సొంత నేల మీద ఆయన చేసిన పెద్ద పని ఇదే అయినా స్వీడన్ బయట తెలిసింది కొద్దిమందికే.

బయటి లోకానికి తెలిసింది 'మమ్మా మియా!'. నిర్మాత జూడీ క్రేమర్ ఏళ్లతరబడి వెంటపడితే ఒప్పుకున్న ఈ నాటకం 1999 ఏప్రిల్ 6న, బ్రైటన్ విజయానికి సరిగ్గా 25 ఏళ్లకు, లండన్‌లో తెర తీసింది. బ్రాడ్వేలో 2001 నుంచి 2015 వరకు ఆడింది. 2008లో సినిమా అయింది. రచయిత్రి కాథరిన్ జాన్సన్ ఒక తల్లీకూతుళ్ల కథ రాస్తే, ఇరవై ఏళ్ల కిందటి అబ్బా పాటలు మాటల్లో పెద్దగా మార్పు లేకుండా ఆ పాత్రల నోట్లో ఒదిగాయి. మాట్లాడే మనిషి లేని పాటలైతే ఇలా ఒదిగేవి కావు.

బృందాన్ని మళ్లీ కలపడానికి 2000లో వంద కోట్ల డాలర్ల ప్రతిపాదన వస్తే నలుగురూ కాదన్నారు. చివరకు డబ్బు చేయలేని పని సాంకేతికత చేసింది. 2021లో కొత్త ఆల్బమ్ వచ్చింది. 2022 మే 27న లండన్‌లో ఇందుకోసమే కట్టిన 3,000 మంది పట్టే హాల్లో 'అబ్బా వాయేజ్' ప్రదర్శన మొదలైంది. నలుగురూ ఐదు వారాలపాటు 160 కెమెరాల ముందు పాడి ఆడితే, ఆ కదలికలతో 1979 నాటి రూపాలను తెరమీద తయారుచేశారు. వాద్యబృందం మాత్రం ఎదురుగా నిలబడి వాయిస్తుంది.

ఉల్వేయస్ ఇప్పటి ప్రధాన వ్యాపకం రచయితల హక్కులు. 2020లో ఆయన సిసాక్ అధ్యక్షులయ్యారు. పాటల రచయితలు, స్వరకర్తల రాయల్టీలు వసూలు చేసే సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఇది. భారత్ నుంచి ఐపీఆర్‌ఎస్ ఇందులో సభ్య సంస్థ. 2012 కాపీరైట్ సవరణ తర్వాత రాయల్టీ అందుకుంటున్న తెలుగు సినీ కవులు కూడా ఆ విధంగా ఈ గొలుసులో భాగమే. పాట ఎవరు రాశారో రికార్డులో సరిగా నమోదు కాకపోతే డబ్బు దారి తప్పుతుందని ఆయన చాలాకాలంగా అంటున్నారు. రాసిన రోజే పేర్లు నమోదయ్యే సాఫ్ట్‌వేర్ కోసం ఒక కంపెనీని కూడా స్థాపించారు. కృత్రిమ మేధకు శిక్షణ ఇవ్వడానికి పాటలు వాడుకునే కంపెనీలు రచయితలకు సొమ్ము చెల్లించాలన్నది ఇప్పుడు ఆయన డిమాండ్. ఆ సాధనాన్ని ఆయన దూరం పెట్టలేదు. 80 ఏళ్ల వయసులో, 2025లో, కొత్త మ్యూజికల్‌కు దాని సాయం తీసుకుంటున్నట్టు చెప్పారు. చిక్కుపడిన చోట దారులు చూపడానికి అది పనికొస్తుందని, సాహిత్యం రాయమంటే మాత్రం మరీ తేలిపోతుందని ఆయన అంచనా.