తడినేల పూవు

ఈమధ్య పెళ్లిపందిళ్లలో మల్లెల పక్కన ఊదారంగు పూలు కూడా చేరుతున్నాయి. ఏమిటివని అడిగితే "ఆర్కిడ్లండీ" అంటారు. తోటల్లో పెంచి, పెట్టెల్లో సర్ది పంపే సరుకది. డబ్బిస్తే వస్తుంది. డబ్బుకు లొంగని ఆర్కిడ్ ఒకటి అమెరికాలో ఉంది. దాని సంగతి చదువుతుంటే నాకు మా బారువ పక్కనున్న బీల గుర్తుకు వచ్చింది.

అమెరికా నడిమధ్యన, కెనడాలోని మానిటోబా దాకా, ఒకప్పుడు మనిషెత్తు పచ్చిక పెరిగే మైదానాలుండేవి. ప్రైరీలంటారు వాటిని. నేల మంచిది గదా, దున్ని మొక్కజొన్నా గోధుమా వేసుకున్నారు. ఆ పొడుగు పచ్చికలో ఈనాడు నూటికి 5 పాళ్లు కూడా మిగల్లేదు. మిగిలిన పల్లపు తడిలో బతుకుతోంది ఈ పూవు. తెల్లని రేకులు, వాటి అంచున పమిటకు కుట్టినట్టు కుచ్చులు. ఒక్కో కాడకు 20 పూల దాకా పూస్తాయి.

చీకటి పడ్డాక గాని ఇది గుబాళించదు. కారణం ఉంది. పూవు వెనక రెండంగుళాల దాకా సన్నని గొట్టం, దాని అడుగున తేనె. అంత పొడుగు నాలుక ఉన్న రాత్రి పురుగులు కొన్నే. అవి వచ్చి వాలితేనే కాయ కట్టేది. గింజలో తన తిండి తనకు లేదు. నేలలోని బూజుజాతి ఒకటి పోషిస్తేనే మొలుస్తుంది. వానలు లేని ఏడు భూమిలోనే దాగి ఉండిపోతుంది. నీరూ, పురుగూ, బూజూ — ఈ ముగ్గురు చుట్టాల్లో ఏ ఒక్కరు రాకపోయినా దానికి సంసారం లేదు. పెకలించి తెచ్చి పెరట్లో నాటుకుంటామంటే కుదురుతుందా!

దీన్ని ప్రత్యేకజాతిగా గుర్తించింది 1986లోనే. 1989లో అమెరికా ప్రభుత్వం ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. కాపాడేవారు కంచె కట్టి ఊరుకోవటం లేదు. అదనుచూసి పాత పచ్చిక కాలుస్తారు, పశువులను మేపుతారు. లేకపోతే తుప్పలూ కలుపూ కమ్ముకుని పూవును మింగేస్తాయి.

ఇక మా సోంపేట బీల. వానకు నిండే చిత్తడినేల అది. చూడవచ్చిన వారికి ఖాళీ జాగా. చుట్టుపక్కల ఊళ్లకు మాత్రం పైరుకు తడి, పశువుకు మేత, వలకు చేప. అక్కడ బొగ్గుతో కరెంటు తీసే కర్మాగారం కడతామన్నారు. జనం అడ్డుపడ్డారు. 2010 జులై 14న పోలీసులు కాల్పులు జరిపితే ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజే, ఢిల్లీలో పర్యావరణ అప్పీళ్లు వినే సంస్థ ఆ కర్మాగారానికిచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఈ కబురు ముందురోజే అంది ఉంటే ఎంత బాగుండేదో!

బీలలో ఆ అమెరికా పూవు పూయదు. అయినా రెండు చోట్లా చిక్కు ఒక్కటే. తడినేలను చూస్తే మనకు చప్పున వచ్చే మాట "ఊరికే పడి ఉంది" అని. ఊరికే పడి ఉన్న నేల ఎక్కడుందండీ? మనం ఆ మాట అనే ముందు, దాని మీద ఎవరెవరి వంట ఉడుకుతోందో ఒక్కసారి అడిగి చూస్తే మంచిది. పురుగునూ బూజునూ అడగలేం. పక్క ఊరివాళ్లను అడగవచ్చు గదా.