గొంతు తిరిగివచ్చింది

కాస్త జలుబు చేస్తే కచేరీ మానుకున్న విద్వాంసులను నేనెరుగుదును. తప్పు పట్టను, గొంతు అంత సుకుమారమైనది.

ఇంగ్లండులోని హెవీ మెటల్ బృందం ఐరన్ మెయిడెన్‌లో గాయకుడు బ్రూస్ డికిన్సన్ సంగతి వినండి. 'ది బుక్ ఆఫ్ సోల్స్' ఆల్బమ్‌కు పాడడం ముగించాక, ఆయన నాలుక వెనక కాన్సరు బయటపడింది. బృందం ఆయన కోసం ఆగింది. చికిత్స జరిగి, 2015 మేలో నయమైందన్నారు. సెప్టెంబరులో ఆల్బమ్ వచ్చింది. 2016 ఫిబ్రవరిలో ప్రపంచయాత్ర మొదలైంది. బృందాన్నీ, సరంజామానూ మోసిన బోయింగ్ 747ను నడిపిన పైలట్లలో ఆయనా ఒకరు! మార్చిలో చిలీ దేశపు శాంటియాగోలో, విమానాన్ని లాగే బండికి గుద్దుకుని రెండు ఇంజన్లు పాడయ్యాయి. వేరే విమానాల్లో వెళ్లి పాడారు.

విమానానికి మారు దొరికింది. గొంతుకు దొరుకుతుందా? అది తిరిగివచ్చిన మనిషి పాడుతుంటే నా చెవులు చిల్లులు పడినా సరే, ఏమీ అనను.